మే నెల కరెంటు బిల్లు 3,710! పైఅంతస్తు అద్దె ఇల్లు, ఎక్కడ తగ్గించుకోవాలి?

మల్లెతీగ (ఎమ్మార్‌పల్లి, తిరుపతి)

అందరికీ నమస్తే. మేము ఎమ్మార్‌పల్లిలో రెండంతస్తుల ఇంట్లో పైన అద్దెకుంటున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. ఫిబ్రవరిలో 240 యూనిట్లు కాలింది, బిల్లు 1,340. మొన్న రీడింగుకు వచ్చినబ్బాయి మిషన్లోంచి చీటీ చించి నా చేతిలో పెట్టి, మొహం కూడా చూడకుండా గబగబా మెట్లు దిగేశాడు. ఎందుకా అని చూస్తే 486 యూనిట్లు, 3,710 రూపాయలు. యూనిట్లు రెండింతలైతే డబ్బులూ రెండింతలు కావాలి కదా, దాదాపు మూడింతలు ఎట్లా అయింది? 400 దాటితే మొదటి యూనిట్ నుంచీ మొత్తానికి పెద్ద రేటే పడుతుందని మా ఆయన అంటున్నాడు. నిజమేనా?

ఇంట్లో ఉన్న సామాను చెప్తా. ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటి, పాతది, మా ఆడపడుచు వాళ్లు కొత్తది తీసుకుంటూ మాకు ఇచ్చేశారు. నాలుగు ఫ్యాన్లు, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, టీవీ, గ్రైండరు, ఇండక్షన్ స్టవ్, ఇన్వర్టరు. గీజరు ఉంది కానీ ఎండాకాలం దాని జోలికి పోం, కుళాయి తిప్పితేనే వేడినీళ్లు వస్తాయి. ఏసీ రాత్రి పదికి వేసి పొద్దున ఆరుకి తీస్తాం, 23లో పెడతాం. అత్తమ్మ గదిలో ఫ్యాను ఇరవై గంటలు తిరుగుతూనే ఉంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మంచం దిగేదే తక్కువ. ఆ ఫ్యాను కట్టెయ్యమని మాత్రం ఎవరూ చెప్పకండి, నేను ఆమెను అడగను.

ఇంట్లో రోజూ ఇదే గొడవ. గ్యాసు మిగులుతుందని నేను ఇండక్షన్ మీద వండితే "అదే మింగేస్తోంది" అని ఆయన, "కాదు, మీ ఏసీనే" అని నేను. మధ్యలో పిల్లలు బాత్రూంలో లైటు వేసి వదిలేశారని ఇద్దరం కలిసి వాళ్ల మీద పడతాం. కొత్త ఏసీ కొనండి, సోలార్ పెట్టించండి అనకండి దయచేసి, ఇల్లు మాది కాదు. రోజువారీ చిన్న చిన్న సర్దుబాట్లు ఏమైనా ఉంటే చెప్పండి.


కట్టమంచి లెక్కల మాస్టారు (చిత్తూరు)

అమ్మా, ముందు మీవారి అపోహ తీరుద్దాం. అట్లా పడదు. 2022లో వాడకాన్ని బట్టి ఉన్న ఏ, బీ, సీ గ్రూపులు ఎత్తేసి ఇళ్లందరికీ ఒకే వరస శ్లాబులు పెట్టారు. మెట్లెక్కినట్టు ఉంటుంది, కింది మెట్టు రేటు కింది మెట్టుకే, పైమెట్టుకు వెళ్లారు కదా అని కిందిది మారదు. మొదటి 30 యూనిట్లు 1.90, ఆ తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75.

మీ 486 వేసి చూడండి. మొదటి 225 యూనిట్లకి మీరు కట్టింది 1,017. మిగతా 261 యూనిట్లకి 2,370. అంటే బిల్లులో సగానికి చాలా ఎక్కువ, పైన తేలిన ఆ 261 దగ్గరే ఉంది. దీని మీద ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కి 6 పైసల సుంకం, ఇంధన సర్దుబాటు కలిస్తే మీ 3,710 అవుతుంది. ఫిబ్రవరిలో 225 దాటింది పదిహేను యూనిట్లే, అందుకే అప్పుడు నొప్పి తెలియలేదు.

కాబట్టి ఎండాకాలంలో మీరు మిగిల్చే ప్రతి యూనిట్ మీకు 9.75దో 8.75దో అవుతుంది. అదే యూనిట్‌ను డిసెంబరులో మిగిల్చితే ఆరు రూపాయలో నాలుగున్నరో. ఒకే పనికి నెలను బట్టి విలువ మారుతుందన్నమాట. ఇది తలకెక్కితే ఏది పట్టించుకోవాలో ఏది వదిలెయ్యాలో మీకే తెలిసిపోతుంది.

పిల్లల మీద అరవడం మాత్రం ఆపండమ్మా. బాత్రూంలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు ఐదు గంటలు అనవసరంగా వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. పదమూడు రూపాయల కోసం బీపీ మాత్రలు తెచ్చుకోవద్దు. 60 వాట్ల పాత గుండు బల్బుల కాలంలో మా నాన్న అరిచేవాడంటే దానికి అర్థముంది.


వైండింగ్ షాపు (చిత్తూరు)

సార్ లెక్క కరెక్టే కానీ అక్కా, నాకు ఒక అనుమానం ఉంది. పాత ఏసీ అయినా ఎనిమిది గంటలకి ఆరేడు యూనిట్లు లాగుతుంది, నెలకు రెండొందలు అనుకో. ఇండక్షన్ కాస్త. ఇవి తీసేసినా ఇంకా చాలా మిగుల్తోంది. ఎవరో ఇంట్లో కూర్చుని చప్పుడు చేయకుండా తింటున్నారు.

మీటరు మీద ఎర్ర లైటు ఒకటి మిణుకు మిణుకుమంటుంటుంది చూశావా. దాని పక్కన చిన్న అక్షరాల్లో 3200 అనో 1600 అనో రాసుంటుంది. అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. రాత్రిపూట ఇంట్లో ఒక్కొక్కటీ అన్నీ కట్టేయండి, ఫ్రిజ్ కూడా, పది నిమిషాలకేం కాదు. మెయిన్ మాత్రం తీయకు, తీస్తే ఏమీ తెలియదు. అప్పుడు పోయి మీటరు ముందర నిలబడు. ఆ లైటు అసలు మిణుకుమనకూడదు, లేకపోతే నిమిషానికోసారి ఎప్పుడో. పదేసి సెకండ్లకోసారి అంటుంటే దొంగ ఉన్నట్టే.

అద్దె ఇళ్లల్లో ఇంకోటి కూడా చూస్తుంటా నేను, మెట్ల లైటో, ఓనరు బోరు మోటారో అద్దెకున్నోళ్ల మీటరు మీద ఉంటుంది. ఓనరుకు కూడా తెలియదు ఒక్కోసారి, ఎప్పుడో ఎలక్ట్రీషియన్ దగ్గరున్న వైరుకు కలిపేసి పోయుంటాడు. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే యూనిట్ పైనే. ఓనరు మోటారు వేసినప్పుడు నీ మీటరు లైటు టకటకా కొట్టుకుంటుందేమో గమనించు.

మోటారు సంగతి వచ్చింది కాబట్టి సొంతిల్లున్నోళ్లకి ఒక మాట. ట్యాంకు నిండేదానికి ఎంతసేపు పడుతుందో గోడ మీద పెన్సిల్‌తో రాసుకోండి. ఇంతకుముందు ఇరవై ఐదు నిమిషాల్లో నిండేది ఇప్పుడు నలభై పడుతుంటే బోరులో నీళ్లు దిగిపోయాయో, పంపు లోపల అరిగిపోయిందో, కెపాసిటర్ వీకయిందో. వైండింగ్ కాలిపోయాక నా దగ్గరికి తెస్తారు అందరూ, నాకేం, నా పని అదే. కానీ అప్పటికి ఆర్నెల్లుగా కరెంటు ఊరికే పోసుంటారు.


మల్లెతీగ

అన్నా, నిన్న రాత్రి చేశాం! రాయకుండా ఉండలేకపోతున్నా.

మీటరు కింద మెట్ల పక్కన ఉంటుంది. ఆయన పైన స్విచ్చులు కడుతుంటే నేను కింద ఫోన్ టార్చి పట్టుకుని నిలబడ్డా, ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ. దోమలు ఒకటే పీకుడు. ఏసీ కట్టాడు, లైటు నెమ్మదించింది. ఫ్యాన్లు కట్టాడు. పైనుంచి అత్తమ్మ గొంతు ఫోన్లో వినిపిస్తోంది, "కరెంటు పోయిందా నాయనా?" అని. ఫ్రిజ్, టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై, అన్నీ తీసేశాడు. "అయిపోయింది, ఇంక ఏమీ లేవు" అన్నాడు. నేను ఎర్ర లైటు వైపే చూస్తున్నా. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నా, సరిగ్గా పది దగ్గరికి రాగానే టక్కున వెలిగింది. మళ్లీ పదికి. మళ్లీ పదికి. మా మీటరు మీద 3200 అనే ఉంది.

"ఇంకా ఏదో ఉంది, చూడు" అంటే "ఏముంది, నేనొక్కడినే ఉన్నా" అని విసుక్కున్నాడు. చివరికి హాల్లో మూల ఇన్వర్టరు ప్లగ్గు గుర్తొచ్చి అది పీకాడు. నేను ముప్పై లెక్కపెట్టా, అరవై లెక్కపెట్టా, లైటు వెలగలేదు. ఆరేళ్ల కింద కొన్న బ్యాటరీ అది. పగలంతా వెచ్చగా ఉంటుంది, మా చిన్నోడు దాని మీద తడి సాక్సులు ఆరేస్తాడు. మేమేమో బ్యాటరీ అంటే అట్లాగే ఉంటుందేమో అనుకున్నాం.

మాస్టారూ, పది సెకండ్లకు ఒకటి అంటే నెలకు ఎంతవుతుంది?


కట్టమంచి లెక్కల మాస్టారు

పది సెకండ్లకొకటి అంటే గంటకు 360. మూడువేల రెండొందలతో భాగిస్తే గంటకు 0.11 యూనిట్, అంటే 110 వాట్ల పైచిలుకు. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ అది నిద్రపోదు కదా, ఇరవై నాలుగు గంటలకు 2.7, నెలకు 81 యూనిట్లు. మీరు 400 పైన కట్టిన 9.75 రేటు యూనిట్లు 86. దాదాపు ఆ శ్లాబు మొత్తం మీ అబ్బాయి సాక్సులు ఆరబెట్టడానికే పోయింది.


వైండింగ్ షాపు

అనుకున్నా! బ్యాటరీ ముసలిదైపోతే నిండదు, నిండలేదు కదా అని ఇన్వర్టరు పోస్తూనే ఉంటుంది, ఆ పోసిందంతా వేడి. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాకా పోసి నాలుగు రోజులు చూడు. అప్పటికీ వెచ్చగానే ఉంటే పని అయిపోయినట్టు. పిల్లోడిని దాని దగ్గరికి పోనీకు, యాసిడ్ అది.


పాకాల కోడలు

చెల్లీ, ఇన్వర్టరు సరే కానీ ఇండక్షన్ గురించి నీ వైపే నేను. గ్యాసు మంట సగం గిన్నె పక్కనుంచి పోతుంది, ఎండాకాలం వంటింట్లో నిలబడలేం. ఇండక్షన్ మీద పాలు పొంగేదానికి మూడు నిమిషాలు. మా ఇంట్లో నేను గ్యాసు రెండు నెలలకు ఒక సిలిండరు తెస్తా, మా తోడికోడలు నెలన్నరకే తెస్తుంది, ఆమె ఇండక్షన్ ముట్టదు. చౌక అనేగా ఇది?

వంటలో అసలు కిటుకు స్టవ్వులో లేదు, ముందు రోజు రాత్రి ఉంది. అలసందలు, ఉలవలు, శనగలు ఏవైనా రాత్రి నానబెడితే కుక్కర్లో నాలుగు విజిల్స్ తక్కువ. సంగటికి నూకలు అరగంట నానబెట్టి కుక్కర్లోనే ఉడికించి, పిండి వేసి, ఆవిరి మీద మూతపెట్టి వదిలేస్తే అదే మగ్గుతుంది, చివర్లో కెలకడానికి మాత్రం పొయ్యి వెలిగించాలి. మా అత్త ఒప్పుకోలేదు మొదట, "కుక్కర్ సంగటి సంగటేనా" అంది. ఒకరోజు చెప్పకుండా పెట్టా. రెండు ముద్దలు తిని ఇంకో అర ముద్ద వేయించుకుంది. ఇప్పటికీ చెప్పలేదు.

కుక్కర్ విజిల్ రాగానే మంట సిమ్ములో పెట్టాలి, చాలామంది పెద్ద మంట మీదే అన్ని విజిల్సూ వేయిస్తారు. పప్పు ఉడికేది లోపలి వేడికి, విజిల్ చప్పుడుకు కాదు.


కట్టమంచి లెక్కల మాస్టారు

పాకాల అమ్మాయికి వంటలో నేను ఎదురు చెప్పను, లెక్కలో మాత్రం కొంచెం చెప్తా. 14.2 కేజీల సిలిండరులో ఉన్న వేడిని కరెంటులోకి మార్చి చూస్తే సుమారు 180 యూనిట్లు. దాంట్లో గిన్నెకు చేరేది అరవై శాతం కాస్త పైన, మీరన్నట్టు మిగతాది పక్కనుంచి పోతుంది. ఇండక్షన్‌లో ఎనభై ఐదు శాతం దాకా గిన్నెకే వెళుతుంది. అంటే ఒక సిలిండరు చేసే వంటకు ఇండక్షన్ మీద దాదాపు 130 యూనిట్లు కావాలి.

ఇప్పుడు శ్లాబు చూడండి. మీ వాడకం 225 లోపు ఉన్న నెలల్లో పై యూనిట్ ఆరు రూపాయలు, 130కి 780. సిలిండరు 870 అనుకుంటే ఇండక్షనే చౌక. మే నెలలో మల్లెతీగ గారింట్లో అదే వంటకు 8.75 చొప్పున 1,137, శ్లాబు దాటితే ఇంకా ఎక్కువ. అప్పుడు గ్యాసే చౌక. కాబట్టి ఆలుమగలిద్దరూ నిజమే చెబుతున్నారు, ఆమె చెప్పేది చలికాలానికి, ఆయన చెప్పేది ఎండాకాలానికి. రాష్ట్ర ప్రభుత్వ దీపం 2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్ల డబ్బు తిరిగొచ్చే ఇళ్లలో అయితే ఆ మూడింటి వరకూ ఈ లెక్కే అక్కర్లేదు. వాటిని ఎండల నెలల్లో వచ్చేటట్టు బుక్ చేసుకుంటే ఇంకా కలిసొస్తుంది, ఏ గడువులో ఏది తీసుకోవాలో మాత్రం చూసుకోవాలి.


రూమ్ నంబర్ 4 (బైరాగిపట్టెడ)

మాస్టారూ, ఈ శ్లాబులు, మెట్లు మాలాంటోళ్లకి వర్తించవు సార్. మేము నలుగురం ఒక రూములో ఉంటాం, కోచింగ్. ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి ఫ్లాట్‌గా 10 రూపాయలు తీసుకుంటాడు, మొదటి యూనిటైనా వందో యూనిటైనా. అడిగితే "ఇష్టముంటే ఉండండి" అంటాడు. మీ పెద్ద సిలిండరు లెక్కతో చూస్తే ఇండక్షన్ మీద అన్నం వండితే మాకు ఎప్పుడూ నష్టమే అన్నమాట, ఇప్పుడర్థమైంది. ఐదు కేజీల చిన్న సిలిండరు ఉంది కానీ అందరూ బద్ధకంగా రైస్ కుక్కరే పెట్టేస్తారు.

మేం చేసే పనులు చెప్తా, నవ్వకండి. చలికాలం మిద్దె మీద నాలుగు బకెట్లు పొద్దున ఎండలో పెడతాం, నల్లవి, మూతలేసి. సాయంత్రం క్లాసు నుంచి వచ్చాక స్నానం చేస్తాం. పొద్దున స్నానం మానేశాం. రాడ్డు పెడితే బకెట్టుకి పావుగంట పడుతుంది, 1500 వాట్లు, అంటే రూపాయలు మూడున్నర నాలుగు. నలుగురికి నెలకు నాలుగొందలకు పైనే. శుక్రవారం మాత్రం మా రూమ్మేటు ఒకడు పొద్దున తలస్నానం చేసి కపిలతీర్థం వెళ్లాలంటాడు, వాడు విడిగా నాలుగు రూపాయలు డబ్బాలో వేస్తాడు.

ఇస్త్రీ ఒకటి తిరగబడింది. బయట చొక్కాకి పది రూపాయలు. ఇస్త్రీ పెట్టె కరెంటు తినేస్తుందని వాడేవాళ్లం కాదు. లెక్కేస్తే ఐదు చొక్కాలు ఒకేసారి చేస్తే మూడో నాలుగో రూపాయలు. రోజుకొకటి చేస్తే పెట్టె వేడెక్కడానికే పోతుంది, ఆదివారం అన్నీ ఒకేసారి చేస్తున్నాం.


తిరుచానూరు రోడ్డు

ఎవరూ మిద్దె గురించి మాట్లాడట్లేదు! పైఅంతస్తు అన్నప్పుడు సగం సమస్య అదే కదా. పగలంతా మిద్దె శ్లాబు కాలి రాత్రి పన్నెండు దాకా వేడి కిందికి దింపుతూ ఉంటుంది, ఏసీ పోరాడేది గాలితో కాదు ఆ కాంక్రీటుతో. శేషాచలం కొండలు కూడా పగలు పీల్చిన వేడి రాత్రి ఊరి మీదికి వదులుతాయని మా ఇంట్లో పెద్దవాళ్లు అంటుండేవాళ్లు.

కొండపైన మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా తెల్లగా పెయింటు వేస్తారు, చూసుంటారు. అదే పని మిద్దెకు చేయండి. కూల్ రూఫ్ పెయింటు ఖరీదనుకుంటే సున్నం నానబెట్టి కాస్త జిగురు కలిపి రెండు చేతులు వేయించినా చాలు, వాన పడితే కొంత పోతుంది, వచ్చే ఏడు మళ్లీ వెయ్యాలి. పోయిన ఏప్రిల్‌లో నేను వేయించాను. వేసిన మర్నాడు మధ్యాహ్నం మూడింటికి చెప్పుల్లేకుండా పైకెళ్లి నిలబడ్డా. సున్నం వేసిన చోట వెచ్చగా ఉంది అంతే, నిలబడగలిగా. ట్యాంకు కింద వేయకుండా వదిలేసిన చోట కాలు పెట్టి ఎగిరి ఇవతల పడ్డా. మా ఆవిడ పక్క మిద్దె మీద వడియాలు పెడుతున్న వాళ్లతో కలిసి నవ్వింది.

అద్దె ఇల్లైనా అడగండి, సున్నానికి ఏ ఓనరూ కాదనడు, వాళ్ల శ్లాబుకే మంచిది. సాయంత్రం మిద్దె మీద నీళ్లు కొట్టడం మాత్రం వద్దు. చల్లబడుతుంది నిజమే, కానీ పగుళ్లుంటే దిగుతాయి, ఆ తర్వాత ఓనరుతో పంచాయితీ. గ్రీన్ నెట్ కూడా కట్టి చూశా, మే నెల గాలివానకి ఎగిరిపోయి పక్క వీధిలో తేలింది.

ఏసీ 23 ఎందుకండీ? 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లోనే మొదలవ్వాలని నియమం పెట్టారు, కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్ల లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు తగ్గుతుంది. 27లో పెట్టి ఫ్యాను రెండులో వేసుకోండి. మొదటి రెండు రాత్రులు తిట్టుకుంటారు, మూడో రాత్రికి దుప్పటి వెతుక్కుంటారు. పాత ఏసీ కాబట్టి లోపలి ఫిల్టరు జాలీ తీసి పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడగండి, మాది మొదటిసారి కడిగినప్పుడు నీళ్లు కాఫీలా వచ్చాయి. కూలరు కొందామా అని కూడా ఆలోచిస్తారు, మేలో బాగానే పనిచేస్తుంది, వానలు మొదలయ్యాక గదంతా జిగట, నేను కొని అమ్మేశా.


కట్టమంచి లెక్కల మాస్టారు

సోలార్ వద్దన్నారు కాబట్టి మీకు కాదు, సొంతిల్లున్న మిగతావాళ్లకి రెండు ముక్కలు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండుకు 60 వేలు, మూడు ఆ పైన అయితే 78 వేలు సబ్సిడీ. కిలోవాట్‌కి రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున వేసుకోండి. నేను మూడు కిలోవాట్లు పెట్టించాను. అందరూ చెప్పనిది ఒకటుంది, బ్యాటరీ లేని ఈ పద్ధతిలో కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అట్లా పెట్టారు. పెట్టించిన మొదటి వారమే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తిన అంత ఎండ పెట్టుకుని విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నా.

మల్లెతీగ గారూ, అత్తమ్మ గారి ఫ్యాను కట్టక్కర్లేదు, మార్చండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 లోపు. ఇరవై గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 27 యూనిట్లు తేడా. రెండున్నర మూడు వేలు అవుతుంది, ఏడాది ఏడాదిన్నరలో వచ్చేస్తుంది, ఇల్లు మారితే విప్పుకుని తీసుకుపోవచ్చు. మిగతా మూడు మార్చకండి, గంటో రెండు గంటలో తిరిగే ఫ్యానుకు అంత పెట్టడం దండగ.


మల్లెతీగ

నెల తర్వాత వచ్చా, అందరూ ఏమనుకున్నారో. నిన్న రీడింగు తీశారు. 318 యూనిట్లు, 2,060 రూపాయలు. జూన్ కాస్త చల్లబడిందని కూడా కాదు, ఎండలు మే లాగే ఉన్నాయి ఇక్కడ.

ఇన్వర్టరుకు డిస్టిల్డ్ వాటర్ పోసి చూశాం, లాభం లేదు. కొత్త బ్యాటరీ పదిహేను వేలన్నారు. మా వీధిలో కరెంటు పోయేది నెలకు రెండు మూడుసార్లు, అదీ గాలివాన వస్తే. పాత బ్యాటరీ తూకానికి ఇచ్చేసి, వచ్చిన దాంతో చార్జింగ్ టేబుల్ ఫ్యాను ఒకటి, బ్యాటరీ బల్బులు రెండు కొన్నాం. మొన్న వాన రాత్రి గంటన్నర కరెంటు లేదు, అత్తమ్మకు ఆ ఫ్యాను పెట్టాం, మేం బాల్కనీలో కూర్చున్నాం, ఏమీ కాలేదు. ఇంకో నెలలో ఈ పని చేసినందుకు తిట్టుకుంటామేమో, చూడాలి.

ఏసీ 27. ఆయన మొదటి రాత్రి నేను నిద్రపోయాక 24కి దించాడు, రెండో రాత్రి రిమోట్ నా దిండు కింద పెట్టుకున్నా. ఇప్పుడు నాలుగింటికి ఆగిపోయేలా టైమర్ కూడా పెట్టాం, ఆరుకి లేచేదాకా గది చల్లగానే ఉంటోంది. ఇండక్షన్ అటక ఎక్కించా, అక్టోబరులో దించుతా. ఈ విషయంలో ఆయన గెలిచాడని మూడు రోజులు ఇంట్లో ఒకటే ఈలలు. సున్నం సంగతి ఓనరును అడిగితే "మీరే వేయించుకోండి, ఖర్చు మీదే" అన్నాడు, ఇంకా వేయించలేదు.

బాత్రూం లైటు ఇప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. నేనేమీ అనట్లేదు. అనకుండా ఉండడం మాత్రం కష్టంగా ఉంది మాస్టారూ.

అత్తమ్మకు కొత్త ఫ్యాను వేశాం. దానికి రిమోట్ ఉంటుందని మాకు తెలియదు. ఆమెకు మంచం మీద నుంచి లేవకుండా తిప్పుకోవడం, ఆపుకోవడం తెగ నచ్చింది. చల్లగా అనిపించినప్పుడు ఆమే ఆపేస్తోంది, ఇన్నాళ్లూ లేచి స్విచ్చు దాకా పోలేక వదిలేసేదంట, మాకెప్పుడూ చెప్పలేదు.


వైండింగ్ షాపు

అక్కా, ఫ్రిజ్ తలుపు రబ్బరు ఒకసారి చూడు. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగు, జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. 318లో ఇంకా ఉంది తీసేది.


పాకాల కోడలు

నోటు జారి వచ్చింది అన్నా, మా ఇంట్లో. రబ్బరు ఎంతవుతుంది?